ఫ్యాక్టోరియల్ చాలు, ఫోల్డర్లోకి నడుద్దాం



మన మొదటి సంవత్సరం సీ ల్యాబ్ రికార్డు తీసి, రికర్షన్ ఉన్న పేజీ చూడండి. ఫ్యాక్టోరియల్ ఉంటుంది. దాని తర్వాత ఫిబొనాచి, ఇంకో రెండు పేజీలు తిప్పితే టవర్స్ ఆఫ్ హనోయ్. సీనియర్ల రికార్డులో అవే, వాళ్ల సీనియర్ల రికార్డులోనూ అవే. వైవాలో అడిగేది ఒకటే: "రికర్షన్ అంటే ఏంటి?" మనం చెప్పేదీ ఒకటే: "తనను తాను పిలుచుకునే ఫంక్షన్ సార్." రెండు మార్కులు పడతాయి. అక్కడితో ఆ ముచ్చట అయిపోతుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. రికర్షన్ నేర్పడానికి ఫ్యాక్టోరియల్ మంచి ఉదాహరణ కాదు. దాని బదులు, ఒక ఫోల్డర్‌లోకి దిగి, అందులో ఉన్న ఫోల్డర్లన్నిటిలోకీ దిగి, అన్నీ చూసుకుని మళ్లీ పైకి వచ్చే ప్రోగ్రాం రాయించాలి. అదీ సీలోనే, మన చేత్తోనే, తెలుగు పేర్లు పెట్టిన ఫోల్డర్ మీదనే. ఇది సాహితీ క్లబ్ పత్రిక కదా, అందుకే చివర తెలుగు తగిలించాడు అనుకోకండి. దానికి పక్కా సాంకేతిక కారణం ఉంది. అక్కడికి వస్తాను.

ముందు ఫ్యాక్టోరియల్ సంగతి

మనం వాడే ఇంట్ 32 బిట్లది. అందులో పట్టే పెద్ద సంఖ్య 2,14,74,83,647. 12 ఫ్యాక్టోరియల్ 47,90,01,600, కాబట్టి సరిపోతుంది. 13 ఫ్యాక్టోరియల్ 6,22,70,20,800, పట్టదు. అంటే రికర్షన్ అని ఇంత హడావిడి చేసి మనం దిగేది పట్టుమని పదమూడు మెట్లు కూడా కాదు. ఆ పని ఒక చిన్న ఫర్ లూప్ హాయిగా చేస్తుంది.

ఫిబొనాచి ఇంకా అన్యాయం. పుస్తకంలో ఉన్నట్టే రాస్తే 40వ సంఖ్య కోసం ఆ ఫంక్షన్ తనను తాను 33 కోట్ల కంటే ఎక్కువసార్లు పిలుచుకుంటుంది. లూప్‌లో అయితే నలభై కూడికలు చాలు. హనోయ్ నిజంగా రికర్షన్‌కి తగిన లెక్కే, కాదనను. కానీ ఆ పళ్లాలు ఇటు నుంచి అటు మార్చే పని మనలో ఎవరికీ ఎప్పుడూ పడదు.

ఇవన్నీ చేశాక పిల్లలకి ఏం అర్థమవుతుంది? లూప్‌తో తొందరగా అయ్యే పనిని ఆలస్యంగా, అర్థం కాకుండా చేసే పద్ధతి పేరు రికర్షన్ అని. ఒక జూనియర్ వచ్చి "అన్నా, లూప్ ఉండంగ గిదెందుకే?" అంటే మన దగ్గర జవాబు లేదు. తప్పు ఆ తమ్ముడిది కాదు. ఆ ప్రశ్నకి జవాబు ఉన్న ఉదాహరణ మనం చూపించలేదు.

ఏడు చేపల కథలో లేనిది

మన అందరికీ అమ్మమ్మలు, నానమ్మలు చెప్పిన రికర్షన్ ఒకటుంది. రాజుగారి ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు. ఒక చేప ఎండలేదు. చేపని అడిగితే గడ్డిమేటు మీద చెప్తుంది, గడ్డిమేటు ఆవు మీద చెప్తుంది. అలా పశువులు కాసేవాడు, అవ్వ, ఏడ్చే పిల్లాడు దాటుకుని చివరికి చీమ దగ్గర తేలుతుంది. చీమ ఇంకెవరి మీదా చెప్పదు. మన భాషలో చెప్పాలంటే చీమే బేస్ కేస్.

ఆ కథని రికర్షన్ పాఠంగా చూస్తే రెండు విషయాలు తగ్గుతాయి. ఒకటి, అది ఒకే వరస. చేప ఒక్క గడ్డిమేటునే అడుగుతుంది, గడ్డిమేటు ఒక్క ఆవునే అడుగుతుంది. ఫ్యాక్టోరియల్ కూడా అంతే, ఒకటి ఇంకొక దాన్నే పిలుస్తుంది. వరసకి లూప్ చాలు. రెండోది, కథ చీమ దగ్గరే ఆగిపోతుంది. ఎవరూ వెనక్కి రారు. పిల్లాడు ఊరుకున్నాడా, అవ్వ బువ్వ పెట్టిందా, ఆవు మేసిందా, చివరికి చేప ఎండిందా? ఎవరూ చెప్పరు. మనమూ వైవాలో బేస్ కేస్ దగ్గరే ఆగిపోతాం. కానీ రికర్షన్‌లో సగం పని వెనక్కి వచ్చేటప్పుడే ఉంటుంది. ఆ సగం ఫోల్డర్ నడకలో తప్పించుకుందామన్నా తప్పించుకోలేం.

మన చుట్టూ ఉన్న చెట్టు

మన చిరునామానే తీసుకోండి. తెలంగాణ, అందులో రంగారెడ్డి జిల్లా, అందులో శంషాబాద్ మండలం, అందులో ఊళ్లు. ఒకదానిలో అనేకం, ఆ ఒక్కొక్కదానిలో మళ్లీ అనేకం. ఫోల్డర్ల అమరికా ఇదే. మన పత్రిక శంషాబాద్ మీద ఒక ప్రత్యేక సంచిక వేస్తోందనుకోండి. డ్రైవ్‌లో 'శంషాబాద్' అని ఒక ఫోల్డర్ పెడతాం. దానిలో 'అమ్మపల్లి' ఉంటుంది, అదే నర్కుడలో సినిమా షూటింగులకు పేరుపడ్డ ఆ రామాలయం. రైల్వే స్టేషన్ కోసం 'ఉందానగర్', 2008 మార్చి 23న విమానాలు దిగడం మొదలైన దాని కోసం 'విమానాశ్రయం'. ఒక్కొక్క దానిలో ఫొటోలకొకటి, వ్యాసాలకొకటి. ఫొటోల్లో తేదీలవారీగా ఇంకొన్ని.

ఇప్పుడు ఎడిటర్ అడుగుతాడు: మొత్తం ఎన్ని ఫైళ్లున్నాయి, ఎంత సైజు?

లూప్‌తో మొదలుపెట్టండి. పై ఫోల్డర్‌కి ఒక లూప్. దాని లోపలి ఫోల్డర్లకి ఇంకో లూప్. వాటి లోపలికి మూడోది. ఎన్ని లూపులు రాయాలి? రాసేటప్పుడు తెలియదు. రేపు ఎవరో తేదీ ఫోల్డర్‌లో 'బాగా వచ్చినవి' అని ఇంకొకటి పెడతారు. లోతు మన చేతిలో లేదు, డిస్క్ చేతిలో ఉంది. ఆ తమ్ముడి ప్రశ్నకి జవాబు ఇక్కడ దొరుకుతుంది. లోతు ముందే తెలియని చోట, ప్రతి మెట్టు దగ్గరా పని ఒకేలా ఉన్న చోట రికర్షన్ వాడతాం. సొంతంగా ఒక స్టాక్ పెట్టుకుని లూప్‌తో కూడా చేయొచ్చు, నిజమే. కానీ ఆ స్టాక్ మనం కట్టుకున్నాకే రికర్షన్ మనకోసం ఏం మోస్తోందో తెలుస్తుంది.

పని మాటల్లో చెప్తే ఇంతే. ఓపెన్‌డిర్‌తో ఫోల్డర్ తెరువు. రీడ్‌డిర్‌తో ఒక్కో పేరూ తీసుకో. ఆ పేరు ముందు ఇప్పటిదాకా వచ్చిన దారి, ఒక స్లాష్ కలుపు. అది ఫైలా ఫోల్డరా అని ఎల్‌స్టాట్‌ని అడుగు. ఫైలైతే లెక్కపెట్టు. ఫోల్డరైతే ఇదే ఫంక్షన్‌ని దాని మీద పిలువు. పేర్లన్నీ అయిపోయాక క్లోజ్‌డిర్‌తో మూసేసి వెనక్కి రా. నలభై లైన్లు దాటదు.

ఇది నేనేదో కొత్తగా కనిపెట్టింది కాదు. కెర్నిగన్, రిచీ రాసిన సీ పుస్తకం మన లైబ్రరీల్లో ఉండేదే. 1988లో వచ్చిన దాని రెండో కూర్పు, ఎనిమిదో అధ్యాయంలో ఈ ఉదాహరణ ఉంది. ఒక ఫంక్షన్ ఫైలు సైజు చెప్తుంది, అది ఫోల్డరైతే ఇంకో ఫంక్షన్‌ని పిలుస్తుంది, ఆ రెండోది లోపలి ప్రతి పేరుకీ మళ్లీ మొదటిదాన్ని పిలుస్తుంది. సీ భాషని తయారుచేసినవాడు తన పుస్తకంలో పెట్టిన రికర్షన్ ఉదాహరణల్లో ఇదొకటి. మన సిలబస్ మాత్రం ఎఫ్‌ఓపెన్, ఎఫ్‌సీక్ దగ్గరే ఆ పుస్తకం మూసేస్తుంది.

దారిలో తగిలే రాళ్లు

ఈ నలభై లైన్లు రాసేటప్పుడు తగిలే ఒక్కో రాయీ ఒక్కో పాఠం.

మొదటిది రెండు చుక్కల పేర్లు. ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక చుక్క పేరుతో తానే ఉంటుంది, రెండు చుక్కల పేరుతో తన పై ఫోల్డర్ ఉంటుంది. వీటిని వదిలెయ్యకపోతే ప్రోగ్రాం తనలోకి తానే దిగుతూ పోతుంది. లినక్స్‌లో ఒక ప్రోగ్రాం ఒకేసారి తెరిచి ఉంచగలిగే వాటికి మామూలుగా 1024 పరిమితి. ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్‌లకి మూడు పోతే మిగిలేవి 1021. అన్నిసార్లు అదే ఫోల్డర్ తెరిచి, ఇక నావల్ల కాదని చేతులెత్తేస్తుంది. బేస్ కేస్ లేకపోతే ఏమవుతుందో బోర్డు మీద చెప్పించుకోవడం వేరు, ఇలా కళ్లతో చూడటం వేరు.

రెండోది సింబాలిక్ లింక్. ఔటర్ రింగ్ రోడ్ మనకి తెలిసిందే. శంషాబాద్ దగ్గర ఎక్కి గచ్చిబౌలి, పటాన్‌చెరు, మేడ్చల్, ఘట్‌కేసర్, పెద్ద అంబర్‌పేట మీదుగా ఎక్కడా దిగకుండా పోతే 158 కిలోమీటర్ల తర్వాత మళ్లీ శంషాబాదే. 'విమానాశ్రయం' ఫోల్డర్‌లో పైనున్న 'శంషాబాద్'కి ఎవరైనా ఒక లింక్ పెడితే మన చెట్టులో ఒక రింగ్ రోడ్ వేసినట్టే. స్టాట్‌ని అడిగితే అది లింక్ వెంట వెళ్లిపోయి "ఫోల్డరే" అంటుంది. ఎల్‌స్టాట్‌ని అడిగితే "ఇది లింక్" అని నిజం చెప్తుంది. ఒక్క అక్షరం తేడా. లినక్స్ ఒక దారిలో 40 లింకులు దాటనివ్వదు కాబట్టి ఒక లింక్ ఉంటే ఎప్పటికో ఆగుతుంది, అప్పటికి ప్రతి ఫైల్‌నీ పదేపదే లెక్కపెట్టేసి ఉంటుంది. అలాంటివి రెండుంటే ప్రతి మలుపులో దారి రెండుగా చీలుతుంది. సెమిస్టర్ అయిపోయినా ప్రోగ్రాం అయిపోదు.

మూడోది వెనక్కి రావడం. క్లోజ్‌డిర్ మర్చిపోయిన ప్రోగ్రాం పది ఫోల్డర్ల మీద చక్కగా నడుస్తుంది. ఎక్స్‌టర్నల్ చూస్తారు, టిక్ పెడతారు. అదే ప్రోగ్రాంని రెండు వేల ఫోల్డర్ల మీద వదిలితే, చెట్టు లోతు మూడే అయినా మధ్యలో పడిపోతుంది. తెరిచినవి తెరిచినట్టే ఉండిపోయాయి మరి. చేపల కథలో ఎవరూ వెనక్కి రాలేదన్నానే, ఆ నష్టం ఇదే.

నాలుగోది, రీడ్‌డిర్ ఖాళీ చేతులతో వస్తే దానికి రెండు అర్థాలుండటం. పేర్లు అయిపోయాయి అని ఒకటి, చదవడం కుదరలేదు అని ఇంకొకటి. ఎర్‌నో అనే వేరియబుల్‌ని ముందే సున్నా చేసి పెట్టుకుంటేనే తేడా తెలుస్తుంది. "అయిపోయింది" అనడానికీ "ఆగిపోయింది" అనడానికీ మధ్య తేడా ఫ్యాక్టోరియల్ ఏ జన్మకీ నేర్పదు.

విమానాశ్రయంలో 'య'

ఇప్పుడు తెలుగు సంగతి. 'శంషాబాద్' అనే పేరు చూడండి. మన కంటికి నాలుగు అక్షరాలు: శం, షా, బా, ద్. యూనికోడ్ లెక్కలో ఎనిమిది గుర్తులు, ఎందుకంటే సున్నా, దీర్ఘాలు, పొల్లు అన్నీ విడివిడి. డిస్క్ మీద 24 బైట్లు, ఎందుకంటే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకీ మూడు బైట్లు. ఎస్‌టీఆర్‌లెన్‌ని అడిగితే 24 అంటుంది. నాలుగు, ఎనిమిది, ఇరవై నాలుగు. మూడూ నిజమే. ఇంగ్లిష్ పేర్లతో మాత్రమే ప్రోగ్రాం రాసినవాళ్లకి ఈ మూడు ఎప్పుడూ ఒకే సంఖ్యగా కనిపిస్తాయి. అవి మూడు వేర్వేరు సంగతులని వాళ్లకి తట్టనే తట్టదు.

యూనిక్స్ కెర్నల్‌కి ఏ భాషా రాదు. దానికి ఫైల్ పేరంటే కొన్ని బైట్లు, అంతే. రెండు బైట్లు మాత్రం పేరులో ఉండకూడదు. ఒకటి సున్నా, అది సీ స్ట్రింగ్‌కి ముగింపు. రెండోది 47, అది స్లాష్. ఇది గుర్తుపెట్టుకుని 'విమానాశ్రయం' అనే పేరులోని 'య' చూడండి. యూనికోడ్‌లో దాని సంఖ్య, పదహారు ఆధారంగా రాస్తే, 0సీ2ఎఫ్. దీన్ని ఉన్నదున్నట్టు రెండు బైట్లుగా డిస్క్ మీద రాస్తే రెండో బైటు 2ఎఫ్. అంటే 47. అంటే స్లాష్! కెర్నల్ ఆ పేరుని 'య' దగ్గర రెండు ముక్కలు చేసి, ఇక్కడొక ఫోల్డర్ అయిపోయింది, ఇంకోటి మొదలైంది అనుకుంటుంది. విమానాశ్రయం మధ్యలో ఒక గోడ లేచినట్టు.

నిజ జీవితంలో అలా జరగట్లేదు. ఎందుకు? 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలో ఒక డైనర్‌లో కూర్చుని, బల్ల మీద పరిచే కాగితం మీద యూటీఎఫ్-8 రూపం గీశారు. అప్పట్లో ఆ ప్రయత్నానికి ఉన్న పేరులోనే అసలు ఉద్దేశం ఉంది: ఫైల్ సిస్టమ్ సేఫ్ యూటీఎఫ్. ఇంగ్లిష్ కాని ఏ గుర్తునైనా 128 కంటే తక్కువ బైటు ఒక్కటి కూడా లేకుండా రాయాలన్నది నియమం. అందుకే మన 'య' 224, 176, 175 అవుతుంది. అందులో 47 లేదు, సున్నా లేదు. తెలుగు యూనికోడ్‌లోకి వచ్చింది 1991లో, మొదటి కూర్పులోనే. ఆ మరుసటి ఏడాదే తెలుగు పేరు ఫోల్డర్‌కి పెట్టడానికి దారి ఏర్పడింది. 1988 నాటి ఆ పుస్తకంలోని పద్ధతిలో రాసిన ప్రోగ్రాం, తెలుగు అనే మాట కూడా తెలియకుండానే, ఇవాళ మన 'విమానాశ్రయం' ఫోల్డర్‌లోకి దర్జాగా దిగి వస్తుంది.

నాకు ఇందులో నచ్చేది ఇదే. కెర్నల్ తెలుగుని చెడగొట్టదు. చెడగొట్టేది పైన మనం రాసే నాలుగు లైన్లు. పట్టికలో అందంగా కనపడాలని పేరుని పది బైట్ల దగ్గర కోస్తాం. 'శంషాబాద్'లో మూడు గుర్తులు, నాలుగోదానిలో ఒక బైటు వస్తాయి, ఆ ఒక్క బైటు తెర మీద విరిగిన గుర్తులా పడుతుంది. పేరుకి వంద బైట్లు చాలనుకుని అర్రే పెడతాం. లినక్స్‌లో ఒక పేరు 255 బైట్ల దాకా పోవచ్చు, అంటే 85 తెలుగు గుర్తులు. మనవాళ్ల కథల శీర్షికలు చూశారుగా, ఆ మాత్రం ఉంటాయి.

ఇంకో తమాషా. 'హైదరాబాద్'లో 'హై' మీది ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, లేదా ఎత్వం ఒకటి, కింది గుర్తు ఒకటి విడివిడిగా రాయొచ్చు. చూడటానికి రెండూ ఒకటే. మొదటిది 27 బైట్లు, రెండోది 30. పాత మాక్‌లలోని హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లను విడదీసే దాచేది. అలాంటి డిస్క్ నుంచి తెచ్చిన ఫోల్డర్, లినక్స్‌లో మనం టైప్ చేసిన ఫోల్డర్ పక్కపక్కనే రెండు 'హైదరాబాద్'లుగా కూర్చుంటాయి. స్ట్రింగ్ కంపేర్ రెండూ వేరంటుంది. వారసత్వ తగాదా లాంటి ఈ బగ్ ఇంగ్లిష్ పేర్లతో ల్యాబ్ చేసినవాళ్లకి కనపడే ప్రసక్తే లేదు.

ఇందులో పోయేదేముంది?

చాలానే ఉంది. ఫోల్డర్ నడక అంటే లెక్కపెట్టడం ఒక్కటే కాదు. కాపీ చేయడం, బ్యాకప్ తీయడం, వెతకడం, అన్నిటికంటే ముఖ్యంగా తుడిచెయ్యడం. 2015 జనవరిలో లినక్స్ మీద స్టీమ్ వాడేవాళ్లకి ఏమైందో చదవండి. ఫోల్డర్ పేరుండాల్సిన వేరియబుల్ ఖాళీగా ఉండటంతో, దాని స్క్రిప్టు మొత్తం డిస్క్ వేరు నుంచి తుడవడం మొదలుపెట్టింది. తగిలించి ఉన్న బయటి డ్రైవ్‌లో ఫైళ్లు కూడా పోయాయి. 2022 జనవరిలో రస్ట్ భాషవాళ్లే తమ లైబ్రరీలో ఒక లోపం ప్రకటించి సరిచేశారు. ఫోల్డర్‌ని మొత్తంగా తుడిచే ఫంక్షన్ అది. "ఇది లింక్ కాదు" అని చూసుకోవడానికీ లోపలికి దిగడానికీ మధ్యలో ఎవరైనా దాన్ని లింక్‌గా మార్చేస్తే, వేరేవాళ్ల ఫైళ్లు తుడిచేసేది. భద్రత కోసమే పేరున్న భాషకే ఇలా అయిందంటే, ఎల్‌స్టాట్‌కి స్టాట్‌కి తేడా చూడకుండా డిగ్రీ తీసుకుని వెళ్లే మన పరిస్థితి ఏంటి?

రెండో నష్టం మన భాషది. మన క్లబ్ డ్రైవ్ తెరిచి చూడండి. లోపల కథ తెలుగు, కవిత తెలుగు, ఫైల్ పేరు మాత్రం ఇంగ్లిష్ లిపిలో 'కథ ఫైనల్ 2'. అడిగితే "తెలుగు పేరు పెడితే సాఫ్ట్‌వేర్ ఏమన్నా చేస్తుందేమో" అంటారు. ఆ భయం గాలిలోంచి పుట్టలేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' రూపంలోని ఒక తెలుగు సముదాయం వస్తే ఐఫోన్ యాప్‌లు కూలిపోయాయి, ఆపిల్ అప్పటికప్పుడు అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది. దాన్ని చూసి చాలామంది "తెలుగు వల్ల ఫోన్ పాడైంది" అన్నారు. తెలుగు వల్ల కాదు, తెలుగుతో పరీక్షించకుండా రాసిన కోడ్ వల్ల. ఆ కోడ్ రాసేవాళ్లలో రేపు మనమూ ఉంటాం. మన భాషతో మనమే పరీక్షించకపోతే ఇంకెవరు పరీక్షిస్తారు?

హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో నడిచే లినక్స్ కోసం పనిచేసినప్పుడు అందులో ఇంజినీరింగ్ విద్యార్థులు పాలుపంచుకున్నారు. మెనూలు తెలుగులోకి వచ్చాయి. ఆ మెనూల వెనక ఫైల్ పేర్లు ఇంకా తెలుగులోకి రావడానికి భయపడుతున్నాయంటే ఆ పని సగంలో ఉన్నట్టే.

కాదనేవాళ్లకి

"పైథాన్‌లో రెండు లైన్లలో అవుతుంది కదా" అంటారు. అవుతుంది, ఉద్యోగంలో అదే వాడండి. కానీ పైథాన్ ఓఎస్ వాక్ మామూలుగా లింకుల వెంట పోదు. ఎందుకు పోదో, పొమ్మంటే ఏమవుతుందో సీలో ఒక్కసారి రాసినవాళ్లకే తెలుస్తుంది. సీలోనూ ఎన్ఎఫ్‌టీడబ్ల్యూ అని రెడీమేడ్ ఫంక్షన్ ఉంది. దానికి ఇచ్చే ఒక్కో ఆప్షన్ పైన చెప్పిన ఒక్కో రాయి.

"మొదటి ఏడు పిల్లలకి ఇది కష్టం" అంటారు. స్ట్రక్చర్లు, పాయింటర్లు రాకముందు కష్టమే. అందుకే ఏడాది చివర పెట్టమంటున్నాను. మొదటి రోజు స్టాక్ బొమ్మ గీయడానికి ఫ్యాక్టోరియల్ ఉండనివ్వండి, అభ్యంతరం లేదు. ఆఖరి రోజు కూడా అదే ఉండటం మీదే నా గొడవ.

"ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో ఓపెన్‌డిర్, రీడ్‌డిర్ ఉన్నాయి కదా" అంటారు. ఉన్నాయి. కానీ సాధారణంగా ఒక్క ఫోల్డర్‌లో పేర్లు అచ్చువేసి ఆపేస్తాం. గుమ్మం దాకా వచ్చి లోపలికి పోకుండా తిరిగి రావడమే అది.

"మన ల్యాబ్ సిస్టమ్స్ విండోస్" అంటారు. ఇది నిజమైన ఇబ్బంది. విండోస్‌లో తెలుగుకి పాత పద్ధతి కోడ్ పేజీ లేదు, యూనికోడ్ ఒక్కటే దారి. అందుకే పాత ఫంక్షన్లతో చదివితే 'విమానాశ్రయం' కాస్తా పదకొండు ప్రశ్నార్థకాలుగా వస్తుంది. ఆ ప్రశ్నార్థకాల పేరుతో మళ్లీ తెరవమంటే ఎలా తెరుస్తుంది? వైడ్ క్యారెక్టర్ ఫంక్షన్లు వాడాలి, లేదా విండోస్‌లోనే లినక్స్ సబ్‌సిస్టమ్ పెట్టుకోవాలి. రెండోది ఒక మధ్యాహ్నం పని.

నేను అడిగేది

ల్యాబ్ రికార్డులో ఒక్క ప్రయోగం మార్చమని. ఇచ్చిన ఫోల్డర్ కింద ఎన్ని ఫైళ్లు, ఎన్ని ఫోల్డర్లు, మొత్తం ఎన్ని బైట్లు ఉన్నాయో చెప్పే సీ ప్రోగ్రాం. దానికి ఐదు పరీక్షలు. ఒకటి, మూడు మెట్ల లోతు, అన్ని పేర్లూ తెలుగులో, వాటిలో 'విమానాశ్రయం' తప్పనిసరి. రెండు, పైకి తిరిగి వచ్చే ఒక లింక్. మూడు, అనుమతి లేని ఒక ఫోల్డర్, దాని దగ్గర ప్రోగ్రాం చావకుండా చెప్పి ముందుకు పోవాలి. నాలుగు, రెండు వేల ఖాళీ ఫోల్డర్లు. ఐదు, 85 గుర్తుల పొడవున్న ఒక తెలుగు పేరు. వచ్చిన లెక్కని ఫైండ్ కమాండ్ ఇచ్చిన లెక్కతో పోల్చాలి. ఐదూ దాటితే పూర్తి మార్కులు.

రికార్డు మారడానికి టైం పడుతుందని తెలుసు. సిలబస్ కమిటీలు, మీటింగులు, సంతకాలు ఉంటాయి. అప్పటిదాకా మన క్లబ్ ఊరికే కూర్చోనక్కర్లేదు. పాత సంచికల ఫోల్డర్‌ని మొత్తంగా తెలుగు పేర్లలోకి మారుద్దాం. కథకి కథ పేరే, కవితకి కవిత పేరే. ఆ చెట్టు మొత్తాన్ని నడిచి విషయసూచిక తయారుచేసే ప్రోగ్రాం ఎవరైనా సీలో రాసి పంపండి. ఐదు పరీక్షలూ దాటిన మొదటి ప్రోగ్రాంని వచ్చే సంచికలో, రాసినవారి వివరణతో సహా వేద్దామని సంపాదకులను కోరుతున్నాను. ఫస్టియర్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు రాస్తే ఇంకా సంతోషం.